లస్కరు నోటుబుక్కు, మూడు ప్రశ్నార్థకాలు

పనిలో చేరిన పిల్లలు మొదటి వారంలో నన్ను అడిగేది టీ ఎన్నింటికి వస్తుందని. రెండో వారంలో అడిగేది, "మేడమ్, ఈ ప్రశ్నార్థకం ఎందుకు పోవట్లేదండీ?" అని. ముప్పై ఏళ్లపాటు ఈ రెండింటికీ జవాబు చెప్పి మొన్న వేసవిలో రిటైరయ్యాను. టీ సంగతి ఎవరైనా చెబుతారు. రెండోది చెప్పేవాళ్లు తక్కువ, చెప్పినా సగమే చెబుతారు. ఆ మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

నేను చేసింది టైప్‌సెట్టింగ్. చుట్టాలకు ఆ మాట చెబితే "ఓహో, శుభలేఖలు వేస్తారా?" అనేవారు. మొదట్లో అవీ వేశాను. తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర రెండో అంతస్తులో ఉన్న ఒక కంపెనీలో చేరి, పరిశోధన వ్యాసాలను పత్రికల్లో అచ్చయ్యే రూపానికి తెచ్చే పనిలో స్థిరపడ్డాను. వ్యాసం కింద మన పేరు ఉండదు. దానికి బాధపడే మనస్తత్వం ఉంటే ఈ పనిలోకి రాకండి. ఇక ప్రమోషన్ల గురించి రాయను. వచ్చాయి, అందరికీ వచ్చినట్టే వచ్చాయి.

ప్రశ్నార్థకం ఎందుకు పడుతుంది

పరిశోధకుడు ఒక విషయం రాస్తే అది ఎక్కడిదో చూపించాలి. వాక్యం పక్కన బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. వ్యాసం చివర ఆధారాల పట్టికలో ఆ అంకె ఎదురుగా ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రాశారో ఉంటుంది. మేం వాడే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో రచయిత ఆ అంకె తన చేత్తో వేయడు. ప్రతి ఆధారానికీ ఒక ముద్దుపేరు పెట్టుకుని, వాక్యం పక్కన ఆ ముద్దుపేరు రాస్తాడు. ఆ ముద్దుపేరు గలవారి అసలు వివరాలు వేరే ఫైలులో ఉంటాయి. రెండూ కలిస్తే అంకె పడుతుంది. కలవకపోతే ఆ చోట ప్రశ్నార్థకం పడుతుంది. అంతే సంగతి.

ఇది ఒక్క విడతలో అయ్యే పని కాదు. మొదటిసారి నడిపితే ఎవరెవరు కావాలో సాఫ్ట్‌వేర్ ఒక చీటీ రాసుకుంటుంది. ఆ చీటీ పట్టుకుని ఇంకో చిన్న ప్రోగ్రాము వెళ్లి వివరాలు తెస్తుంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు నడిపితే గానీ అంకెలు వాటి చోట్లలో కూర్చోవు. కొత్తవాళ్లు ఒక్కసారి నడిపి, ప్రశ్నార్థకాలు చూసి హడలిపోయి, బాగున్న ఫైలును చేజేతులా పాడుచేసుకుంటారు. వివరాల ఫైలులో ఉంది కదా, అచ్చులోకి ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఇంకొందరు. వాక్యంలో పిలవకపోతే అది రాదు. అడగందే అమ్మైనా పెట్టదు, సాఫ్ట్‌వేర్ పెడుతుందా?

నా మొదటి పై అధికారి రామ్మోహన్ గారు. కొండపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. రైలు ఆలస్యమైన రోజున ఆయన దగ్గరికి ఎవరూ పోయేవాళ్లం కాదు. ప్రశ్నార్థకం చూసి నేను కీబోర్డు మీద చెయ్యి వేయబోతే "చెయ్యి తియ్" అనేవారు. సాఫ్ట్‌వేర్ నడిచిన ప్రతిసారీ తనకేం ఇబ్బంది కలిగిందో ఒక ఫైలులో రాసి పెడుతుంది. దాన్ని లాగ్ అంటాం.

"అది చెప్పుకుంటోంది కదమ్మా. ముందు విను. విన్నాక తిడదాం" అనేవారాయన.

వింటే తొంభై పాళ్లు అక్కడే తేలిపోతుంది. వివరాల ఫైలులో ఎవరో ఒక కామా మరిచిపోయి ఉంటారు, దాంతో ఆ కింది వివరాలు సాఫ్ట్‌వేర్ చదవదు. ఒక పూటంతా వెతికి చివరికి ఆ కామా దొరికితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంటుంది. లేదా వివరాల ఫైలు పక్క ఫోల్డర్లో ఉంటుంది. లేదా నిన్న నడిపినప్పటి చీటీ మిగిలిపోయి, సాఫ్ట్‌వేర్ దాన్నే ఇవాళ్టిదనుకుని చదువుతూ ఉంటుంది. పాత చీటీలన్నీ తీసేసి మొదటినుంచి నడిపితే చాలు.

వీటి గురించి నాకు భయం లేదు. లాగ్ చదివాక, అన్నీ సరిచూశాక, "ఈ పేరుగలవారు ఎవరూ లేరు" అని అది మళ్లీ మళ్లీ అంటే మాత్రం జాగ్రత్తపడాలి. అప్పుడు లోపం ఫైలులో లేదు. బయట ఎక్కడో ఉంది.

నేను తీసేసిన ప్రశ్న

కంపెనీలో చేరకముందు ఒక చిన్న డీటీపీ షాపులో పనిచేశాను. థీసిస్‌లు కూడా చేసేవాళ్లం. చేపల చెరువుల మీద థీసిస్ రాసిన ఒక లెక్చరర్ గారు ఉండేవారు. ఆయన నెమ్మదైన మనిషి, కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే మాట్లాడేవారు. ఆయన థీసిస్‌లో ఒక్కచోట ప్రశ్నార్థకం మిగిలింది. బైండింగ్ అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లెక్చరర్ గారు ఊళ్లో లేరు. నేను ఆ ప్రశ్నార్థకాన్ని బ్రాకెట్లతో సహా తీసేశాను. పేజీ శుభ్రంగా కనపడింది. చాలా బాగా చేశాననుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఆయన షాపుకు వచ్చారు. ఆ రోజు కూర్చున్నారు. మౌఖిక పరీక్షలో పరీక్షకుడు సరిగ్గా ఆ వాక్యం కిందే వేలు పెట్టి "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగారట. ఆయనకు తెలుసు, కానీ ఆ క్షణాన పేరు గుర్తు రాలేదట. పేజీలో చూస్తే ఏమీ లేదు. థీసిస్ సవరించి మళ్లీ ఇవ్వమన్నారు. ఒక ఏడాది పోయింది.

ఆయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. మంచినీళ్లు తాగి, "అది కనపడి ఉంటే నేనే పూర్తి చేసుకునేవాణ్ణి కదండీ" అన్నారు.

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, చేసిన పెద్ద తప్పేంటని రామ్మోహన్ గారు అడిగితే ఇదే చెప్పాను. ఉద్యోగం రాదనుకున్నాను. ఇచ్చారు. ఎందుకిచ్చారో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మెచ్చుకోవడం ఆయన నోటికి అలవాటు లేని పని.

తాతయ్య ఎవరు

ఇక అసలు సంగతికి వస్తాను. రిటైరవడానికి ఏడు నెలల ముందు ఒక వ్యాసం నా బల్ల మీదికి వచ్చింది. మాకు వచ్చేవి ఎక్కువగా దూరదేశాల వ్యాసాలు. ఇది మాత్రం మన కృష్ణా డెల్టాది. కాలవ చివరి ఊళ్లలో పోటు సమయంలో సముద్రపు నీరు ఎగదన్ని పొలాల్లోకి ఎలా వస్తోందన్నది విషయం. రాసింది పామర్రులో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్ శిరీష, ఆవిడ పీహెచ్‌డీ గైడు అయిన ఒక ప్రొఫెసర్ గారూ కలిసి. పత్రికవాళ్లు వ్యాసం అంగీకరించారు. ప్రూఫు సరిచూసి నాలుగు రోజుల్లో పంపాలి. అది అచ్చయితే గానీ శిరీష థీసిస్ సమర్పించడానికి లేదు. ఆవిడకు గడువు ఆ నెలాఖరు.

వ్యాసంలో మూడు ప్రశ్నార్థకాలు. మూడింటికీ ముద్దుపేరు ఒకటే, తాతయ్య. లాగ్ చూశాను. పాత చీటీలు తీసేసి నడిపాను. వివరాల ఫైలు పైనుంచి కింది దాకా చదివాను. అందులో ఉన్న వాళ్లందరి వివరాలూ ముత్యాల్లా ఉన్నాయి. తాతయ్య లేడు.

నియమం ప్రకారం ప్రొఫెసర్ గారికి ప్రశ్న పంపాం. మర్నాడే జవాబు వచ్చింది. ఆ ఆధారం తీసేయండి, కృతజ్ఞతల్లో ఒక మాట చేరుస్తాం అని. లెక్కప్రకారం నా పని అయిపోయింది. తీసేద్దామని ఆ వాక్యం దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లపాటు ఉప్పునీరు ఏ నెలలో ఎంత పైకి వచ్చిందో చెప్పే వాక్యం అది. వ్యాసం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఆ ప్రశ్నార్థకం తీసేస్తే ఆ సంగతి ఎవరు చెప్పినట్టు? చేపల చెరువుల లెక్చరర్ గారు గుర్తొచ్చారు. కృతజ్ఞతలు మర్యాద కోసం. ఆధారం సాక్ష్యం కోసం. ఒకటి ఉంది కదా అని రెండోది ఎగరగొట్టకూడదు.

శిరీషకు ఫోన్ చేశాను.

"అమ్మా, టైప్‌సెట్టింగ్ ఆఫీసు నుంచి కరుణని. మీ వ్యాసంలో తాతయ్య అని ఉన్నారు. ఎవరండీ ఆయన?"

"అది తీసెయ్యమని మా సార్ చెప్పారు కదండీ."

"చెప్పారు. ఆ లెక్కలు ఎక్కడివో మీరు చెప్తే తీసేస్తాను."

"లస్కరు తాతయ్యవండీ" అంది.

లస్కరంటే కాలవ మీద కింది ఉద్యోగి. తలుపులు ఎత్తి దించడం, నీటిమట్టం చూసి రాయడం ఆయన పని. ప్రభుత్వానికి రాసిచ్చిన లెక్కలు ఎటో పోయాయట. ఈయన మాత్రం తన సొంతానికి నోటుబుక్కుల్లో కూడా రాసుకున్నాడు. ఏడు పుస్తకాలు. మట్టంతో పాటు రోజూ తెల్లారే నీళ్లు దోసిట్లో తీసుకుని రుచి చూసి, తీపి, చప్ప, ఉప్పు అని రాశాడు. శిరీష రెండేళ్లు ఉప్పు కొలిచే మీటరు పట్టుకెళ్లి, ఇప్పటికీ ఆయన చెప్పే రుచుల్ని సరిచూసింది. ఆయన నాలుక మీటరుతో సమానంగా నిలిచిందట.

"మరి ఇంత పని చేసిన మనిషి వివరాలు ఎక్కించలేదేమ్మా?"

"పేరు తెలీదండీ."

"ఏంటీ?"

"రెండేళ్ల నుంచి వాళ్లింటికి వెళ్తున్నానండీ. తాతయ్యా అంటాను, వాళ్లావిణ్ణి మామ్మా అంటాను. మామ్మ చేతి అన్నం తిన్నాను. ఇప్పుడెళ్లి మీ పేరేంటి తాతయ్యా అని ఎలా అడగనండీ? సార్ అడిగారు, పేరేంటి అని. లస్కరు అన్నాను. పేరు లేదు, సంవత్సరం లేదు, రుచి చూసి రాశాడంటున్నావు, దీన్ని ఆధారమని ఎలా పెడతావు అన్నారు."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. నవ్వడానికి నాకేం అర్హత ఉంది? మా వీధిలో పాలు పోసే ఆవిడను పదకొండేళ్లుగా పిన్నీ అంటున్నాను. ఆవిడ పేరేంటో ఈ రోజుకీ తెలియదు. మన వైపు ఎవరినైనా నిమిషంలో చుట్టాన్ని చేసుకుంటాం. చుట్టరికం కలిశాక పేరుతో పని ఉండదు. నాలుగు రోజులు గడిచాక అడగడానికి మొహం చెల్లదు. ప్రొఫెసర్ గారి తప్పు కూడా లేదు. ఆయన చేతికి వచ్చింది ఒక ముద్దుపేరు మాత్రమే.

"నోటుబుక్కు పేజీలు కొన్ని ఫోటో తీసి పంపమ్మా, ఎలా ఎక్కించాలో చూద్దాం" అన్నాను.

రెండు దస్తూరీలు

ఆ సాయంత్రమే పాతిక ఫోటోలు వచ్చాయి. ఒకరి చేతిరాత చదివి బతికే ఉద్యోగంలో పెరిగినదాన్ని. మూడో ఫోటో దగ్గర ఆగిపోయాను. మొదటి పుస్తకంలో అక్షరాలు పెద్దవి, కుడివైపుకు ఒరిగి ఉన్నాయి. నాలుగో పుస్తకంలో అక్షరాలు చిన్నవి, నిటారుగా ఉన్నాయి. ఏడు అంకెకు నడుమున అడ్డగీత ఉంది. రుచి గడిలో మొదటి పుస్తకంలో లేని ఇంకో మాట కూడా ఉంది. కాస్త ఉప్పు.

అది వయసుతో మారిన రాత కాదు, ఎందుకంటే ఏడో పుస్తకంలో మళ్లీ ఆ పెద్ద అక్షరాలే ఉన్నాయి.

వ్యాసం తెరిచి పద్ధతి గురించి రాసిన భాగం చూశాను. ఈ రుచులన్నీ ఒకే మనిషి చూసి రాశాడు కాబట్టి ముప్పై ఏళ్ల లెక్కలనూ ఒకదాంతో ఒకటి పోల్చవచ్చు అని అక్కడ స్పష్టంగా ఉంది.

మళ్లీ ఫోన్ చేశాను. "శిరీషా, ఇది ఒక్కరు రాసింది కాదమ్మా."

శిరీష ఏడుపు గొంతుతో అంది. "ఒకే నాలుక అనే కదండీ నా వాదన అంతా. ఇప్పుడు ఇది బయటపెడితే సార్ వ్యాసం వెనక్కి తీసుకుంటారు. నెలాఖరు దాటిపోతుంది. మేడమ్, మీకు కనపడకపోతే బాగుండేది."

నాకు కాస్త కష్టం వేసింది. కానీ ఆ అమ్మాయి అన్నది నిజమే. నేను చూడకపోతే అందరికీ హాయిగా ఉండేది, తప్పు అచ్చయి ఉండేది. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఏ నియమావళిలోనూ ఉండదు. నేను ఒకరోజు సెలవు పెట్టాను. రచయిత ఊరికి వెళ్లడం నా సర్వీసులో అదొక్కసారే. దీన్ని అలవాటు చేసుకోకండి. కంపెనీకి తెలిస్తే ఊరుకోదు, అది న్యాయం కూడా.

కాలవ చివర

పామర్రులో బస్సు దిగితే శిరీష స్కూటీతో ఉంది. దాని మీదే వెళ్లాం. కాలవ చివర, నీటి తలుపులున్న లాకుల పక్కన రెండు గదుల ఇల్లు. ముసలాయన అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. మామ్మ అరుగు పక్కనే బూడిద రాసి చేపలు తోముతోంది.

నేను కొత్తదాన్ని కాబట్టి అడగడానికి నాకు సిగ్గు లేదు. "తాతగారూ, మీ పేరేంటండీ?"

"లస్కరండి."

"అది ఉద్యోగం. పేరు?"

ఆయన వల పక్కన పెట్టి నవ్వాడు. "పెన్షన్ కాయితం మీదుంటదండి. దేవదానం. చాట్ల దేవదానం."

శిరీష తల వంచుకుని రాసుకుంది. "తాతయ్యా, ఇన్నాళ్లూ అడగలేదు, ఏమనుకోకు."

"నువ్వు మనవరాలివి. నీకెందుకే నా పేరు?" అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

నేను సంచిలోంచి ఫోటోల ప్రింట్లు తీశాను. నాలుగో పుస్తకం పేజీ ఆయన ముందు పెట్టి "ఇది ఎవరు రాశారండీ?" అన్నాను.

ఆయన పేజీ వంక చూడలేదు. మామ్మ వంక చూశాడు. మామ్మ చేప మీంచి చెయ్యి తీయకుండా, "ఆయనే. ఇంకెవరు రాస్తారు?" అంది.

"ఇంకెందుకే దాయటం? ఉద్యోగం దిగిపోయి ఇన్నేళ్లయింది" అన్నాడు దేవదానం. మా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. "నాకు పచ్చకామెర్లొచ్చినయ్యండి. మూడు నెలలు మంచం మీదున్నా. లేచాక నాలిక చచ్చిపోయింది. నీళ్లు నోట్టో పోసుకుంటే ఉప్పూ లేదు, తీపీ లేదు. ఎవరితో చెప్పను? చెప్తే తీసేస్తారు. తీపే అయ్యుంటదిలే అని ఒకనాడు తలుపెత్తా. పోటు నీళ్లండి అయ్యి. చివరి పొలాల్లో నారు ఎర్రబడి చచ్చిపోయింది. ఎవరూ నన్ననలేదు, సముద్రాన్ని తిట్టుకున్నారు. ఇంటికొచ్చి ఈవిడతో చెప్పి ఏడ్చా."

"ఏడిస్తే నారు లేస్తదా?" అంది మామ్మ. "మర్నాటి నుంచి నేను పోయేదాన్ని. నేను రుచి జూసి చెప్పేదాన్ని, ఆయన తలుపు ఎత్తేవాడు. పుస్తకంలో కూడా నేనే రాసేదాన్ని. ఆయన నాలిక తేరుకునేదాకా."

"ఎన్నాళ్లు మామ్మా?" అంది శిరీష.

"చిన్నోడు బళ్లో చేరినప్పటి నుంచి పది పాసయ్యేదాకా."

శిరీష మెట్టు మీద కూర్చుని ఫోటోలో ఒక గడి చూపించింది. "ఇక్కడ కాస్త ఉప్పు అని రాశావేంటి? తాతయ్య ఎప్పుడూ అలా రాయలేదు. నేను దాన్ని చప్పలోనే కలిపేశాను."

"ఉప్పని రాస్తే ఈయన తలుపు పూర్తిగా దించేస్తాడు. పైనున్న నారుమళ్లు ఎండిపోతయ్యి. చప్పని రాస్తే పూర్తిగా ఎత్తేస్తాడు, కింద మళ్లు మాడిపోతయ్యి. అందుకని మధ్యలో ఒకటి పెట్టుకున్నా. కాస్త ఉప్పంటే సగం తలుపు."

శిరీష లేచి లోపలికెళ్లి నాలుగు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో మంచినీళ్లు, మిగతావాటిలో కొంచెం కొంచెం తేడాగా ఉప్పు కలిపి, మీటరు ముంచి కాగితం మీద అంకెలు రాసుకుంది. మామ్మకు చూపించలేదు. మామ్మ నవ్వుతూ చేతులకు సబ్బు రాసుకుని రెండుసార్లు కడుక్కుంది. "చేప వాసనుంటే తెలీదు" అంది. ఒక్కో గ్లాసులో నీళ్లు అరచేతిలో పోయించుకుని రుచి చూసింది. తీపి, కాస్త ఉప్పు, ఉప్పు. నాలుగో దాని దగ్గర ఆగి, "ఇది కొత్తది కాదే. ఇందాకటి ఉప్పుదాంట్లోనే నీళ్లు పోశావు" అంది.

శిరీష నా చేతికి కాగితం ఇచ్చింది. మామ్మ చెప్పినట్టే ఉంది, నాలుగోది మూడోదాంట్లో నీళ్లు పోసి చేసినదే. ఆ అమ్మాయి మొహం చూస్తే ఉదయం నుంచి మోస్తున్న బరువేదో దిగినట్టుంది. పాత రుచులు సరైనవని ఒక్కపూటలో రుజువైపోదు, అది ఆవిడకూ తెలుసు. కానీ దాయాల్సిందేమీ లేదని తేలింది.

"మామ్మా, నీ పేరు చెప్పు."

"నా పేరెందుకు? ఆయన పేరు రాసుకున్నావుగా. ఇద్దరం ఒకటేగా."

"కాదు మామ్మా. నాలుకలు రెండు."

మామ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడవడం అయ్యాక కూడా కాసేపు తుడుచుకుంటూనే ఉంది. "సువార్తమ్మ" అంది.

నెలాఖరు దాటాక

శిరీష అక్కడి నుంచే ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసింది. ఆయన అరుపులు నాకు అరుగు మీదికి వినపడ్డాయి. అరిచి, ఫోన్ పెట్టేసి, గంట తర్వాత ఆయనే చేశారు. ఒక్కరన్నది ఇద్దరు అయినప్పుడు వ్యాసం సమీక్షకుల దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే, వేరే దారి లేదన్నారు. నెలాఖరు గడువు పోయింది. శిరీష థీసిస్ ఆరు నెలలు ఆలస్యమైంది. ఆ ఆరు నెలల్లో నాకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. నేను చేసింది మంచో చెడో నాకే తెలియలేదు. ఇది దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే నిజం పట్టుకున్న మరుక్షణం అందరూ చప్పట్లు కొడతారని మీరు అనుకోకూడదు.

ఆ ఆరు నెలలూ శిరీష ఆ ఇద్దరి లెక్కలనూ విడదీసి చూసింది. సువార్తమ్మ చూసిన ఏళ్లలో తేడా ఇంకా సన్నగా తెలుస్తోందని తేలింది, ఆ కాస్త ఉప్పు పుణ్యమా అని. పద్ధతి భాగాన్ని ప్రొఫెసర్ గారే స్వయంగా మళ్లీ రాశారు. ఇద్దరు పరిశీలకులు అని రాశారు. రుచి ఎందుకు చూశారో, ఎవరు ఎప్పుడు చూశారో అంతా రాశారు. మొదట ఆధారం తీసేయమన్న మనిషి ఆయనే. పెద్దవాళ్లు తమ మాట తామే తిరగరాయడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

వ్యాసం మళ్లీ నా బల్ల మీదికి వచ్చేసరికి రిటైర్మెంటుకు రెండు వారాలుంది. వివరాల ఫైలులో తాతయ్య అనే ముద్దుపేరు కింద నేనే రాశాను. ఎవరి పేరు ముందుండాలని శిరీషను అడిగితే, ఆ సంగతి దేవదానం గారు అప్పుడే తేల్చేశారంది. "నాది తలుపెత్తటమే. నాలిక ఆవిడది, ఆవిడ పేరు ముందెయ్" అన్నారట. చాట్ల సువార్తమ్మ, చాట్ల దేవదానం. నీటిమట్టం, రుచి. చేతిరాత నోటుబుక్కులు, ఏడు. రెండు నుంచి నాలుగు వరకు సువార్తమ్మవి, మిగతావి దేవదానంవి.

నడిపాను. మొదటిసారి మూడు ప్రశ్నార్థకాలూ అలాగే ఉన్నాయి. చీటీ వెళ్లి వివరాలు తెచ్చింది. ఇంకో రెండుసార్లు నడిపాక మూడు చోట్లా అంకె పడింది. ఈ పని కొన్ని వేలసార్లు చేసి ఉంటాను. ఆ రోజు మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ప్రూఫు శిరీషకు పంపాను. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. లాకుల దగ్గర నుంచే చేస్తోంది, వెనక నీళ్ల చప్పుడు వినపడుతోంది.

"మేడమ్, ప్రూఫు మామ్మకు చదివి వినిపించానండీ. తెలుగులో చెప్పాను. ఒక తప్పుందంటోంది. మీతోనే చెప్తానంటోంది."

ప్రూఫు చూసిన ప్రతి రచయితా ఏదో ఒకటి పట్టుకుంటాడు. పేరు చిన్నగా పడిందనో, పేరు పక్కన డిగ్రీ వేయలేదనో. సువార్తమ్మ ఫోన్ తీసుకుంది.

"అమ్మాయ్, రెండో పుస్తకం మొత్తం నాదని వేశారంట. కాదు. మొదటి సగం ఆయనదే, కామెర్లు రాకముందుది. నాది కానిది నా పేరున వద్దు."

ముప్పై ఏళ్లలో తన పేరు పక్క నుంచి కొంత తగ్గించమని అడిగిన రచయిత ఆవిడొక్కతే.

"సరేనండీ" అన్నాను. ఆవిడ చెప్పినట్టే సరిదిద్ది, మళ్లీ మొదటినుంచి నడిపాను.